మాంటా రే చేపనూ ఎర్రచందనం చెట్టునూ ఏ ప్రాతిపదికన పోల్చాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

నేను తిరుపతిలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జీవ సంరక్షణ పేపరులో భాగంగా ఒక సముద్ర జీవినీ, ఒక పుష్పించే మొక్కనూ తీసుకుని పోలుస్తూ వ్యాసం రాయవలసి ఉంది. జంతువుగా మాంటా రే చేపను, అందులోనూ మొబ్యులా బైరోస్ట్రిస్ అనే పెద్ద జాతిని, మొక్కగా మన శేషాచలం కొండల ఎర్రచందనాన్ని ఎంచుకున్నాను. ఒకటి నడిసముద్రంలో ఈదేది, ఇంకొకటి రాతికొండ మీద వేళ్లూనుకున్నది అయినా, రెండింటినీ ప్రధానంగా శరీరంలోని ఒక్క భాగం కోసమే చంపుతున్నారనీ, ఆ భాగం చివరికి ఎక్కువగా తూర్పు ఆసియా మార్కెట్లకే చేరుతోందనీ చదివినప్పుడు ఈ జంట నన్ను ఆకట్టుకుంది.

అయితే కుటుంబం, ఆవాసం, ఆహారం, ప్రత్యుత్పత్తి అంటూ పట్టిక గీసుకుని నింపుతూ పోతే, ఒకటి జంతువు, ఇంకొకటి మొక్క అన్న సంగతి తప్ప అందులో మరేమీ తేలలేదు. రే చేప ఉరోవాజాలు రెక్కల్లా పరచుకుని ఉంటాయి, ఎర్రచందనం కాయకు చుట్టూ రెక్క ఉంటుంది కాబట్టి దాన్ని సామ్యంగా చూపవచ్చని తోటి విద్యార్థులు సూచించారు. చేప వాజం ఈదడానికి, కాయ రెక్క గాలికి కొట్టుకుపోవడానికి. ఈ రెండింటి నిర్మాణంలోనూ పుట్టుకలోనూ సంబంధమే లేనప్పుడు అలా రాయడానికి నాకు మనసొప్పడం లేదు. శాస్త్రీయంగా నిలబడే పోలిక ఏ ప్రాతిపదిక మీద సాధ్యమవుతుంది? రెండూ నెమ్మదిగా సంతానం పెంచుకునే జాతులని రాస్తే సరిపోతుందా? ఈ రెండింటిలో దేని గురించి తెలిసినవారైనా వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత అటవీ ఉద్యోగి, చిత్తూరు

అమ్మా, చేప సంగతి నాకు తెలియదు కాబట్టి చెట్టు వరకే చెబుతాను. ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల వంటి కొండల్లోనూ వాటిని ఆనుకున్న కొద్దిపాటి ప్రాంతంలోనూ మాత్రమే ఇది కనిపిస్తుంది. తమిళనాడు సరిహద్దు వైపు కూడా కొంత ఉంది. నీరు నిలవని రాతినేల, తీవ్రమైన ఎండ, తక్కువ వర్షం దీనికి సరిపడతాయి. ఇంత ఇరుకైన సహజ పరిధి ఉన్నదన్న సంగతిని మీ వ్యాసంలో మొదటనే చెప్పండి, ఎందుకంటే దీనికి సంబంధించిన మిగతా విషయాలన్నీ ఆ ఒక్క వాస్తవం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఇది వేసవికి ఆకు రాల్చే మధ్యతరహా చెట్టు. సాధారణంగా పది పదిహేను మీటర్ల ఎత్తు పెరుగుతుంది. నల్లటి బెరడు దీర్ఘచతురస్రాకారపు పెచ్చులుగా పగిలి ఉంటుంది. ఎక్కువగా మూడేసి ఆకులు కలిసిన రెమ్మలు, పసుపు పూలు, చుట్టూ పలుచని రెక్క ఉన్న గుండ్రటి చదునైన కాయ దీని గుర్తులు. వేసవి మొదట్లో పూసినప్పుడు తేనెటీగలు మూగుతాయి కానీ, ఆ పూలలో చాలా భాగం కాయ కట్టకుండానే రాలిపోతాయి.

మనుషులకు కావలసిందల్లా చేవ, అంటే చెట్టు నడిమి గట్టి కర్ర. బెరడు కింద ఉండే తెల్లచెక్కకు మార్కెట్లో విలువ లేదు కనుకనే స్మగ్లర్లు చెట్టును నరికిన చోటనే దాన్ని చెక్కివేసి ఎర్రటి దుంగను మాత్రమే మోసుకుపోతారు. శాంటలిన్ అనే రంగు పదార్థం వల్ల చేవకు ఆ ఎరుపు వస్తుంది. నీళ్లలో వేస్తే మునిగిపోయేటంత సాంద్రత దానిది. శ్రీగంధానికి ఉన్నటువంటి పరిమళం దీనికి లేదు. చైనాలో మేలైన సాంప్రదాయిక ఫర్నిచరుకూ, జపానులో షామిసెన్ అనే తంత్రీ వాద్యపు కాండానికీ ఈ కర్రను వాడుతూ వచ్చారు. కర్రలో అలల గీత ఉంటే ధర మరింత పెరుగుతుంది, కానీ నిలబడి ఉన్న చెట్టును పైనుంచి చూసి ఆ గీత లోపల ఉందో లేదో నిర్ధారించడం అనుభవజ్ఞులకు కూడా కష్టం.

చేవ వెంటనే ఏర్పడదు. శ్రద్ధగా పెంచిన తోటలో కూడా అమ్మకానికి తగిన చేవ పట్టడానికి ఇరవై, ఇరవై అయిదేళ్లు పడుతుంది. కొండ మీద రాళ్ల మధ్య పెరిగే చెట్టుకు ఇంకా ఎక్కువ. అయితే ఒక్క విషయం మరచిపోవద్దు: నరికిన మొదలు నుంచి చెట్టు మళ్లీ చిగురిస్తుంది, వేళ్ల నుంచి కూడా పిలకలు వస్తాయి. నిప్పు, పశువుల మేత లేకుండా కాపాడగలిగితే ఆ చిగురు మరో చెట్టవుతుంది. మీ చేపకు ఇటువంటి అవకాశం ఉందేమో సముద్ర జీవశాస్త్రం తెలిసినవారు చెప్పాలి.

సమాధానం: సముద్ర జీవశాస్త్ర అధ్యాపకుడు, సూళ్లూరుపేట

పై సమాధానంలోని చివరి వాక్యానికి జవాబు చెబుతూ మొదలుపెడతాను: అటువంటి అవకాశం లేదు. చచ్చిన మాంటా రే స్థానంలోకి మరొక ఆడ చేప కడుపున పుట్టిన పిల్ల పెరిగి రావలసిందే, అందుకు పట్టే కాలం చాలా ఎక్కువ.

రే చేపలు సొరచేపల మాదిరిగా మృదులాస్థి అస్థిపంజరం గల జీవులు. వాటిలో మాంటాలు మొబ్యులిడే కుటుంబానికి చెందుతాయి. మొబ్యులా బైరోస్ట్రిస్ వెడల్పు ఏడు మీటర్ల వరకు, బరువు సుమారు రెండు టన్నుల వరకు ఉంటుంది. ఇంతటి శరీరం బతికేది ప్రధానంగా నీటిలో తేలే సూక్ష్మ జంతువుల మీద. నోటికి రెండు వైపులా ఉండే మడతల వంటి అవయవాలతో నీటిని నోటిలోకి మళ్లించి, మొప్పల దగ్గరి పలకలతో ఆహారాన్ని వడగట్టి, నీటిని బయటికి వదులుతుంది. ఇతర రే చేపల్లో భయపెట్టే విషపు ముల్లుతో పొడిచే గుణం దీనికి లేదు. చేపలన్నింటిలోనూ దీని మెదడే అతి పెద్దదని గమనించారు.

ఆ మొప్ప పలకలే దీనికి ప్రాణాంతకమయ్యాయి. వాటిని ఎండబెట్టి దక్షిణ చైనాలో, ముఖ్యంగా గ్వాంగ్జౌ నగరంలో, ఆరోగ్యానికి మంచిదన్న నమ్మకంతో సూపుల్లో వాడేవారికి అమ్ముతారు. మాంసానికి అంత ధర రాదు. పలకల కోసం ప్రత్యేకంగా వేటాడే చోట్లు ఉన్నట్లే, ట్యూనా వంటి ఇతర చేపల కోసం వేసిన వలల్లో చిక్కి చచ్చేవి కూడా చాలా ఉన్నాయి. ముందుకు ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీరు ప్రవహించి ఊపిరి ఆడుతుంది కాబట్టి, వలలో కదలలేని స్థితిలో మాంటా ఎక్కువసేపు బతకలేదు.

ఇక మీరు అడిగిన సంతానం విషయం. ఆడ మాంటా సాధారణంగా ఒక కాన్పులో ఒకే పిల్లను కంటుంది. గర్భధారణ ఏడాది పైచిలుకు. మావి లేకపోయినా గర్భాశయపు గోడ నుంచి స్రవించే పోషక ద్రవంతో పిల్ల లోపల పెరిగి, పుట్టేనాటికే ఒక మీటరుకు మించిన వెడల్పుతో బయటకు వస్తుంది. రెండు కాన్పుల మధ్య రెండు నుంచి అయిదేళ్ల వ్యవధి ఉంటుంది. నలభై ఏళ్లు, అంతకు మించీ బతికే ఈ చేప పదో ఏట పెద్దదై మిగిలిన ముప్ఫై ఏళ్లూ కనగలిగిందనుకుని లెక్క వేస్తే, ఒక ఆడ చేప జీవితం మొత్తంలో ఆరు నుంచి పదిహేను పిల్లలు మాత్రమే. ఇది నేను వేసిన స్థూలమైన లెక్క. అయినా విషయ తీవ్రత తెలియడానికి ఇది చాలు.

జాతి పేరు విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. 2009 వరకు మాంటాలన్నింటినీ ఒకే జాతిగా లెక్కించేవారు. ఆ సంవత్సరం మొబ్యులా ఆల్ఫ్రెడిని, అంటే పగడపు దిబ్బల దగ్గర ఎక్కువగా తిరిగే కాస్త చిన్న మాంటాను, వేరే జాతిగా తిరిగి గుర్తించారు. 2017లో జన్యు ఆధారాలను బట్టి మాంటా అనే ప్రజాతినే మొబ్యులాలో కలిపారు. కాబట్టి 2009కి ముందు ప్రచురితమైన పత్రంలో మాంటా బైరోస్ట్రిస్ అని ఉన్నంత మాత్రాన అది మీరు ఎంచుకున్న జాతే అని అనుకోకండి.

స్థానికంగా వివరాలు సేకరించాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడినప్పుడు మా సూళ్లూరుపేట ప్రాంతమూ పులికాట్ సరస్సూ అందులోకి వచ్చాయి గనుక, కొండ మీది చెట్టూ సముద్రమూ ఒకే జిల్లాలో దొరుకుతాయని మీకు అనిపించవచ్చు. పులికాట్ ఉప్పునీటి కయ్యలో దొరికే టేకు చేపలు చిన్న జాతులు. మాంటా నడిసముద్రపు జీవి. ఇక్కడి మత్స్యకారులు రే చేపలను కలిపి టేకు చేపలనీ, తమిళం మాట్లాడేవారు తిరుక్కై అనీ అంటారు. అందువల్ల ఎవరినైనా అడిగేటప్పుడు ఫొటో చూపించి అడిగితేనే ఏ జాతి గురించి మాట్లాడుతున్నారో తేలుతుంది.

సమాధానం: వృక్షశాస్త్ర పరిశోధకురాలు, తిరుపతి

ఇద్దరు పెద్దలూ చెప్పిన విషయాలు సరైనవే అయినా, రెండూ నెమ్మదిగా సంతానం పెంచుకునే జాతులన్న మీ వాక్యాన్ని నేను ఒప్పుకోలేను. మీ వ్యాసానికి అసలైన సారాంశం ఆ వాక్యంలో దాగి ఉన్న తేడాలోనే దొరుకుతుందని నా అభిప్రాయం.

ఎదిగిన ఎర్రచందనం ఒక మంచి సంవత్సరంలో విరివిగా కాస్తుంది. దాని జీవితకాలంలో నేల రాలే కాయల సంఖ్యను మాంటా కనే పిల్లల సంఖ్యతో పోల్చడమే కుదరదు. చెట్టుకు సంతానం తక్కువ కాదు, సంతానం నిలదొక్కుకోవడం తక్కువ. గట్టి కాయలో చిక్కుకున్న విత్తనం సరిగా మొలకెత్తదు, మొలకెత్తినది ఎండకూ మంటలకూ పశువుల మేతకూ బలవుతుంది. వీటన్నింటినీ దాటి నిలబడినదానికి చేవ పట్టేసరికి దశాబ్దాలు గడుస్తాయి. అంటే ఇక్కడి నెమ్మది ఎదుగుదలలోనూ చేవ ఏర్పడటంలోనూ ఉంది. మాంటాలో నెమ్మది పుట్టుకలోనే ఉంది; పుట్టిన పిల్ల అప్పటికే పెద్దది కాబట్టి దాన్ని తినగల శత్రువులు తక్కువ, బతికే అవకాశం ఎక్కువ. కోట్ల ఏళ్ల పరిణామంలో ఒకటి ఎక్కువ సంఖ్యలో విత్తనాలు వెదజల్లి ఎక్కువ పోగొట్టుకునే మార్గాన్ని, ఇంకొకటి తక్కువ మందిని కని ఎక్కువ మందిని నిలుపుకునే మార్గాన్ని పట్టాయి. ఈ రెండు భిన్నమైన మార్గాలూ ఒకే బలహీనత దగ్గర కలుస్తాయి: ఎదిగిన జీవులను వరుసగా తీసివేస్తే ఏ మార్గమూ తట్టుకోలేదు.

దీన్ని పట్టుకుంటే మీకు మంచి ప్రశ్నలు పుడతాయి. ఏ జీవిని చంపాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఎర్రచందనంలో గొడ్డలి పట్టినవాడు ఎంచుకుంటాడు. నిటారుగా, లావుగా, చేవ బాగా పట్టిన చెట్టు ముందు పోతుంది. వంకర చెట్లూ సన్నని చెట్లూ మిగిలి, తరువాతి తరానికి విత్తనాలు ఇచ్చేవి అవే అవుతాయి. కొన్ని లోయల్లో మొదళ్లు లావుగా కనిపిస్తూ నిలబడిన చెట్లన్నీ సన్నగా ఉండటాన్ని చూస్తే ఈ సంగతి ఎవరికైనా అర్థమై బాధ కలుగుతుంది. మాంటా విషయంలో వలకు ఎంపిక లేదు. కడుపుతో ఉన్న ఆడదైనా, ఇంకా పెద్దదవని పిల్లయినా చిక్కితే చిక్కినట్లే.

చేవకూ మొప్ప పలకకూ ఉన్న తేడాను కూడా వివరంగా రాయండి. చేవ నిర్జీవ కణజాలం. చెట్టు నీటిని పైకి పంపేది తెల్లచెక్క ద్వారానే. లోపలి చేవ చెట్టుకు బలాన్నీ చెదపురుగులనూ శిలీంధ్రాలనూ ఎదిరించే శక్తినీ ఇస్తుంది. ఆ శక్తిని ఇచ్చే రసాయనాలే మనుషుల దృష్టిలో దానికి విలువ తెచ్చాయి. మొప్ప పలక ప్రాణమున్న అవయవం, ఆహారం వడగట్టే సాధనం. కానీ చెట్టును కూల్చకుండా చేవనూ, చేపను చంపకుండా పలకలనూ తీసుకునే దారి లేదు. తేనె, జిగురు, ఉసిరికాయలు, కుంకుళ్లు సేకరించేవారు అడవిని నిలిపి ఉంచుతూనే ఫలసాయం తీసుకోగలరు; ఈ రెండింటిలో అది సాధ్యం కాదు.

రెక్క పోలికను వదిలేయాలన్న మీ నిర్ణయం సరైనది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేడమ్ చెప్పిన తేడాను ఆధారం చేసుకుని వ్యాసాన్ని మొదటి నుంచి మళ్లీ రాస్తున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. రెండు జాతులనూ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవిగా ఒకే వర్గంలో పెట్టారు. ఇంత భిన్నమైన జీవులను ఒకే కొలతతో ఎలా కొలిచారు? రెండూ ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోకి వచ్చినా, ఆ రక్షణ రెండింటికీ ఒకే రకంగా ఉపయోగపడుతోందా?

సమాధానం: ఎర్రచందనం సాగు చేస్తున్న రైతు, చిత్తూరు జిల్లా

రెండో సందేహానికి రైతుగా ఒక మాట చెప్పగలను. ఎర్రచందనాన్ని నర్సరీలో పెంచవచ్చు. కాయలను నానబెట్టి, సంచుల్లో నారు పోసి, ఏడాది పెరిగిన మొక్కను పొలంలో నాటుతాము. చేవ పట్టే వరకు ఆగగలిగే ఓపిక, ఆ తరువాత నరకడానికీ రవాణాకూ అటవీ శాఖ నుంచి అనుమతులు తెచ్చుకునే ఓపిక ఉండాలి. కాబట్టి మార్కెట్‌కు కావలసిన కర్రలో కొంత భాగాన్నయినా పొలాల నుంచి ఇచ్చి కొండ మీద ఒత్తిడిని తగ్గించే అవకాశం ఉంది. మాంటాను చెరువులో పెంచి అమ్మడం ఎవరి వల్లా కాదు. ఈ తేడా మీ వ్యాసంలో తప్పక ఉండాలి. అయితే పొలం దుంగకూ కొండ దుంగకూ పైకి తేడా కనిపించదు గనుక, పొలం పేరు చెప్పి కొండ దుంగను తరలించే ప్రమాదం ఉందని అధికారులు అనుమానించడంలో న్యాయం ఉందని కూడా నేను ఒప్పుకుంటాను.

సమాధానం: సముద్ర జీవశాస్త్ర అధ్యాపకుడు, సూళ్లూరుపేట

మొదటి సందేహం చాలా మంచిది. ఐయూసీఎన్ వాడే కొలతలో కాలాన్ని క్యాలెండరు సంవత్సరాలతో మాత్రమే లెక్కించరు. జనాభా ఎంత తగ్గిందన్నది పదేళ్లలో, లేదా ఆ జాతి మూడు తరాల కాలంలో, ఏది ఎక్కువైతే దానిలో చూస్తారు. అలా చూసినప్పుడు తగ్గుదల సగానికి తక్కువ కాకపోతే, తగ్గడానికి కారణాలు ఇంకా కొనసాగుతూ ఉంటే, ఆ జాతి ఈ వర్గంలోకి వస్తుంది. ఏడాదికి రెండు మూడు తరాలు మారే పురుగునూ, తరం మారడానికి దశాబ్దాలు పట్టే మాంటానూ ఒకే జాబితాలో ఉంచడానికి వీలు కల్పించింది ఈ తరాల లెక్కే. పరిధి చాలా చిన్నదై, అది ఇంకా కుంచించుకుపోతున్న జాతులకు వేరే ప్రమాణం కూడా ఉంది. మాంటా వంటి మహాసముద్రాల జీవికి ఆ రెండో ప్రమాణం వర్తించదు, ఎందుకంటే దాని పరిధి ఉష్ణమండల సముద్రాలంతటా విస్తరించి ఉంది. ఎర్రచందనాన్ని 2018లో కొంత తక్కువ ప్రమాదం గల వర్గానికి మార్చి, 2021లో మళ్లీ అంతరించిపోయే ప్రమాదమున్న వర్గంలోకి తెచ్చారు. పెద్ద మాంటా 2020 మదింపులో అదే వర్గంలోకి చేరింది.

చట్టం విషయానికి వస్తే, ఎర్రచందనం 1995లో సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. మాంటాలను ఆ అనుబంధంలో చేర్చాలని 2013లో బ్యాంకాక్ సమావేశం నిర్ణయించగా, 2014 సెప్టెంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. 2025లో వాటిని మరింత కఠినమైన మొదటి అనుబంధానికి మార్చాలని నిర్ణయించారు. రెండో అనుబంధంలోని జాతి విషయంలో, ఎగుమతి వల్ల ప్రకృతిలోని జనాభాకు హాని జరగదని ఎగుమతి చేసే దేశం తేల్చిన తరువాతే అనుమతి ఇవ్వాలి. ఎర్రచందనం విషయంలో ఆ బాధ్యత ఒకే దేశానిది, ఎందుకంటే చెట్టు సహజంగా ఉన్నది మన దగ్గరే. మన దేశం తీరు మీద సైటిస్ చేస్తూ వచ్చిన ప్రత్యేక సమీక్ష నుంచి ఎర్రచందనాన్ని 2023లో తొలగించారు. మాంటా ఒక దేశపు జలాల నుంచి మరో దేశపు జలాల్లోకీ, ఎవరికీ చెందని నడిసముద్రంలోకీ వెళుతుంది. ఒక దేశం ఎంత కఠినంగా కాపాడినా పక్క దేశపు వల దాన్ని పట్టుకోగలదు.

సమాధానం: వృక్షశాస్త్ర పరిశోధకురాలు, తిరుపతి

అధ్యాపకులు చెప్పినదానికి ఒక చేర్పు. ఎర్రచందనం ఒకే దేశంలో ఉన్నంత మాత్రాన దాని వ్యాపారం ఒకే దేశపు వ్యవహారంగా మిగలలేదు. ఈ కర్ర దొరకడం కష్టమయ్యేకొద్దీ కొనుగోలుదారులు ఆఫ్రికాలో దీనికి దగ్గరి చుట్టమైన టెరోకార్పస్ టింక్టోరియస్ వైపు మళ్లారు. జాంబియా వంటి దేశాల్లో దాని నరికివేత ఎంతగా పెరిగిందంటే, 2019లో దాన్ని కూడా సైటిస్ రెండో అనుబంధంలో చేర్చవలసి వచ్చింది. మొప్ప పలకల వ్యాపారంలోనూ మాంటాలతో పాటు వాటి కుటుంబంలోని చిన్న రే చేపలు బలయ్యాయి. వాటిని 2016లో చేర్చారు. రెండు సందర్భాల్లోనూ దగ్గరి బంధువులకు రక్షణ ఆలస్యంగానే అందిందన్నది మీ పోలికలో ఒక బలమైన అంశం కాగలదు.

ఇంకొకటి. పట్టుబడిన దుంగలు తిరుపతి మంగళం వంటి చోట్ల గోదాముల్లో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి, వాటిని ప్రభుత్వం వేలం వేస్తుంది. ఆ నిల్వ ఉన్నందువల్ల ఏ కొలతల దుంగలు ఏ కాలంలో నరికారో కొంతవరకు తెలుసుకోవచ్చు. చేప విషయంలో అటువంటి సాక్ష్యం నిలవదు.

సమాధానం: సముద్ర జీవశాస్త్ర అధ్యాపకుడు, సూళ్లూరుపేట

నిజమే. అయితే బతికి ఉన్న మాంటాలను లెక్కించడానికి ఒక మంచి పద్ధతి ఉంది, దాన్ని చెట్ల లెక్కతో పక్కపక్కన పెట్టి రాయండి. అటవీ సిబ్బంది చెట్టును ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, చుట్టుకొలత తీసి నమోదు చేస్తారు. చెట్టు అక్కడే ఉంటుంది కాబట్టి కొన్నేళ్ల తరువాత వచ్చి అదే చెట్టును మళ్లీ కొలవవచ్చు. మాంటా పొట్ట మీద ఉండే మచ్చల అమరిక ప్రతి చేపకూ వేరుగా ఉండి, జీవితాంతం దాదాపు మారకుండా నిలుస్తుంది. ఈతగాళ్లు కింది నుంచి తీసిన ఫొటోలను పోల్చి, ఎన్నో ఏళ్ల తరువాత కనిపించిన చేప అదేనని గుర్తిస్తున్నారు. వాటి ఆయుర్దాయం గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం ఈ ఫొటోల ద్వారానే తెలిసింది. మీ వ్యాసంలో ఇది రాసేటప్పుడు ఆ ఫొటో మొబ్యులా బైరోస్ట్రిస్‌దా, ఆల్ఫ్రెడిదా అన్నది కూడా ఆ మచ్చల అమరికను బట్టే చెబుతారని చేర్చండి: పెద్ద జాతిలో మచ్చలు పొట్ట కింది భాగంలో గుంపుగా ఉంటాయి, చిన్న జాతిలో మొప్పల చీలికల మధ్య కూడా కనిపిస్తాయి.